సినిమా చూస్తే మార్కులు తగ్గుతాయా? ఆ గంట ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి

క్లుప్తంగా: టీవీ, సినిమాలు ఎక్కువగా చూసే పిల్లలకు సగటున మార్కులు కాస్త తక్కువ వస్తున్నాయని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. అదే టీవీ కొందరు పిల్లలకు మేలు చేసిందని తేల్చిన గట్టి అధ్యయనాలూ ఉన్నాయి. రెండూ నిజమే అయ్యే అవకాశం ఉంది, ఎందుకంటే టీవీ ముందు గడిచిన గంట నిద్రలోంచి వచ్చిందా, చదువులోంచి వచ్చిందా, ఎలాగూ ఊరికే పోయే సమయంలోంచి వచ్చిందా అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. హైదరాబాద్ ఇళ్ల వరకు చూస్తే ముందుగా పట్టించుకోవాల్సినవి రెండు: అర్ధరాత్రి దాకా సాగే సినిమాలు, మ్యాచ్‌లు ఒకటి, పిల్లలు చదువుకుంటుంటే పక్కనే మోగే టీవీ రెండోది.

ఈ ప్రశ్న మళ్లీ ఎందుకు వచ్చింది

2025 జనవరిలో తెలంగాణ హైకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. ప్రభుత్వం నిర్ణయం తీసుకునేదాకా 16 ఏళ్లలోపు పిల్లలను ఉదయం 11 గంటలకు ముందు, రాత్రి 11 గంటల తర్వాత సినిమా షోలకు రానివ్వొద్దని. బెనిఫిట్ షోలు, తెల్లవారుజాము షోల మీద గొడవ నడుస్తున్న రోజులవి. పిల్లల ఆరోగ్యం మీద పడే ప్రభావం అప్పుడు చర్చకు వచ్చింది. మల్టీప్లెక్సుల వాళ్లు కోర్టుకు వెళ్లాక మార్చిలో ఆ ఆంక్ష సడలింది. అదే మార్చి 21న పదో తరగతి పరీక్షలు మొదలయ్యాయి, 22న ఐపీఎల్ మొదలైంది. పరీక్ష ఉదయం 9.30కి, మ్యాచ్ చాలా రోజులు రాత్రి 7.30కి. మ్యాచ్ అయ్యేసరికి 11 దాటుతుంది. ఇంట్లో టీవీ పెట్టాలా వద్దా అని ఆ రెండు వారాలు ఎన్ని ఇళ్లలో వాదనలు జరిగి ఉంటాయో ఊహించడం కష్టం కాదు.

దీనికి తోడు ఏటా రిజల్ట్స్ రోజున ఒక మాట వినిపిస్తూ ఉంటుంది. ర్యాంకు వచ్చిన పిల్లల అమ్మానాన్నలు మైకు ముందు నిలబడి "రెండేళ్లు కేబుల్ కట్ చేయించాం" అంటారు. వాళ్లు చెప్పేది నిజమే అయ్యుంటుంది. కానీ కేబుల్ కట్ చేయించి కూడా మామూలు మార్కులే వచ్చిన ఇళ్లు ఎన్నో ఉంటాయి, వాళ్ల ముందు మైకు పెట్టేవాళ్లెవరూ ఉండరు. అలాగే టీవీ చూస్తూనే బాగా చదివిన పిల్లలను కూడా ఆ విషయం ఎవరూ అడగరు. కాబట్టి ఆ ఇంటర్వ్యూల నుంచి కేబుల్‌కీ ర్యాంకుకీ సంబంధం తేల్చడం కుదరదు.

అధ్యయనాలు ఒకలా ఎందుకు చెప్పవు

న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన దాదాపు వెయ్యి మంది పిల్లలను పరిశోధకులు పెద్దయ్యేదాకా గమనించారు. 5 నుంచి 15 ఏళ్ల మధ్య ఎక్కువ టీవీ చూసినవాళ్లు 26 ఏళ్లు వచ్చేసరికి చదువులో వెనకబడ్డారని 2005లో ప్రకటించారు. ఐక్యూ, ఇంటి ఆర్థిక స్థితి, చిన్నప్పటి ప్రవర్తన, ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ సంబంధం మిగిలే ఉంది. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2015లో 845 మంది టీనేజ్ పిల్లల లెక్కలు తీశారు. 14 ఏళ్ల వయసులో టీవీ, ఇంటర్నెట్ లాంటి వాటి ముందు రోజుకు ఒక గంట ఎక్కువ గడిపినవాళ్లకు 16వ ఏట పబ్లిక్ పరీక్షల్లో సగటున 9.3 పాయింట్లు తగ్గాయి, అంటే ఒక సబ్జెక్టులో రెండు గ్రేడ్లు. హోంవర్కుకు కేటాయించే సమయాన్ని లెక్కలోకి తీసుకున్నా ఈ తేడా పోలేదు. ఈ విషయం గుర్తుంచుకోవాలి, నిద్ర దగ్గర మళ్లీ వస్తుంది.

2019లో 58 అధ్యయనాలను కలిపి చూసిన ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది, అందులో పిల్లలు దాదాపు 4,80,000 మంది. అన్ని రకాల తెరల సమయాన్నీ కలిపి కూడితే మార్కులతో చెప్పుకోదగ్గ సంబంధమే కనిపించలేదు. విడదీసి చూస్తే మాత్రం టీవీ ఎక్కువ చూసే పిల్లలకు భాషలోనూ లెక్కల్లోనూ మార్కులు తక్కువగా ఉన్నాయి. "స్క్రీన్ టైమ్" అని అన్నిటినీ ఒకే సంచీలో వేసి తూకం వేస్తే ఏమీ తేలదని ఇక్కడే అర్థమవుతుంది. వాట్సాప్‌లో నోట్స్ చూసుకున్న అరగంట, సీరియల్ చూసిన అరగంట, వీడియో పాఠం విన్న అరగంట ఒకటి కావు.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే అధ్యయనం. అమెరికాలో 1948 సెప్టెంబర్ నుంచి 1952 ఏప్రిల్ దాకా కొత్త టీవీ స్టేషన్లకు లైసెన్సులు ఆపేశారు. దానివల్ల కొన్ని ఊళ్లకు టీవీ ముందే వచ్చింది, కొన్నిటికి ఏళ్ల తరబడి ఆలస్యమైంది. ఏ ఊరికి ముందు, ఏ ఊరికి తర్వాత అన్నదాంట్లో పిల్లల తెలివితేటల పాత్ర ఏమీ లేదు కాబట్టి పోల్చడానికి ఇది చాలా మంచి అవకాశం. మాథ్యూ జెంట్‌స్కో, జెస్సీ షపీరో అనే ఆర్థికవేత్తలు దీన్ని వాడుకుని, బడికి వెళ్లకముందు టీవీ చూసిన పిల్లల మార్కులు తర్వాత ఎలా ఉన్నాయో 2008లో చూపించారు. నష్టం కనిపించలేదు సరికదా, సగటున అతి కొద్దిపాటి లాభమే కనిపించింది. ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడనివాళ్ల పిల్లలకు, తల్లి పెద్దగా చదువుకోని ఇళ్ల పిల్లలకు ఆ లాభం ఎక్కువ.

ఎందుకలా? ఆ ఇళ్లలో టీవీ వచ్చి పక్కకు నెట్టేసినది కథల పుస్తకం కాదు. పిల్లలకు బడి భాష చెవిన పడే దారి అంతకుముందు లేదు, టీవీతో వచ్చింది. అదే పుస్తకాలున్న ఇంట్లో, పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడే ఇంట్లో టీవీ పెడితే ఆ మాటలూ ఆ పుస్తకాలూ వెనక్కి పోతాయి. వస్తువు ఒకటే, అది ఎవరి ఇంట్లో దేని చోటు ఆక్రమించింది అన్నదే వేరు.

ఇంకో చిక్కు కూడా ఉంది. టీవీ చూడటం వల్ల మార్కులు తగ్గుతాయా, మార్కులు తగ్గినందువల్ల పిల్లలు టీవీకి అతుక్కుంటారా అన్నది. బడిలో రోజూ తిట్లు తినే పిల్లాడికి ఇంటికొచ్చాక తిట్టకుండా పలకరించేది టీవీ ఒక్కటే అయినప్పుడు, రిమోట్ లాక్కున్నంత మాత్రాన లెక్కలు రావు. బడిలో ఏం జరుగుతోందో కూడా కనుక్కోవాలి.

నిద్రలోంచి పోయిన గంట

చదువు గంటలు తగ్గకపోయినా మార్కులు ఎందుకు తగ్గాలి అన్న ప్రశ్నకు ఎక్కువగా సరిపోయే జవాబు నిద్ర. ఒక లెక్క వేసి చూద్దాం. ఆదివారం రాత్రి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో 9.45 సెకండ్ షో. సినిమా రెండు గంటల యాభై నిమిషాలు, ఇంటర్వెల్‌తో కలిపి బయటికి వచ్చేసరికి ఒంటిగంట. పార్కింగ్‌లోంచి బండి తీసుకుని బోడుప్పల్ చేరేసరికి ఒకటిన్నర దాటుతుంది, పడుకునేది పావు తక్కువ రెండుకి. స్కూల్ బస్సు ఏడుంపావుకి, అంటే ఆరింటికి లేవాలి. నాలుగుంపావు గంటల నిద్ర. 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటలు, 6 నుంచి 12 ఏళ్లవాళ్లకు 9 నుంచి 12 గంటలు నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణుల సిఫార్సు. అందులో దాదాపు సగమే దక్కింది. సోమవారం మొదటి పీరియడ్ లెక్కలైతే ఆ క్లాసు పోయినట్టే.

దీనికి కారణం ఉత్త బద్ధకం అనుకుంటే పొరపాటు. పగలు చదివింది రాత్రి నిద్రలోనే మెదడులో కుదురుకుంటుంది, కాబట్టి నిద్ర తగ్గితే ముందురోజు చదివినదీ గట్టిపడదు, మర్నాడు వినేదీ ఎక్కదు. పైగా టీనేజ్‌లో ఒంట్లోని గడియారమే ఒకటి రెండు గంటలు వెనక్కి జరుగుతుంది. పదింటికి పడుకోమంటే నిజంగానే నిద్ర రాదు. రాని నిద్ర కోసం ఎదురుచూసే ఆ గంటలోకే ఫోన్లో సినిమా దూరిపోతుంది, బస్సు మాత్రం ఏడుంపావుకే వస్తుంది. తెర వెలుతురు నిద్ర చెడగొడుతుందని చాలా మాట్లాడతారు గానీ, అంతకంటే పెద్ద దెబ్బ పడుకునే వేళ దాటిపోవడమే.

అందుకే శనివారం మధ్యాహ్నం మ్యాటినీకి వెళ్లొచ్చిన పిల్లకీ ఆదివారం సెకండ్ షోకి వెళ్లిన పిల్లకీ ఒకే సినిమా, ఒకే మూడు గంటలు అయినా, ఖర్చు ఒకటి కాదు. మొదటి పిల్లకి పోయింది సెలవు మధ్యాహ్నం.

టీవీ ఎక్కడుంది అన్నది కూడా ఇందుకే లెక్కకు వస్తుంది. కాలిఫోర్నియాలో మూడో తరగతి పిల్లల మీద జరిగిన అధ్యయనంలో, పడక గదిలో టీవీ ఉన్న పిల్లలకు లెక్కల్లోనూ చదవడంలోనూ మార్కులు తక్కువగా కనిపించాయి. ఇప్పుడు దుప్పటి కిందికి వెళ్లే ఫోన్ ఆ పడక గది టీవీ స్థానంలోకి వచ్చింది.

ఎవరూ చూడని టీవీ కూడా పనిచేస్తూనే ఉంటుంది

ముషీరాబాద్, బోరబండ, మౌలాలి, ఎక్కడైనా సరే, రెండు గదుల పోర్షన్ ఒకటి తీసుకోండి. ముందు గదిలో టీవీ, వెనక వంటగది. సాయంత్రం ఆరు నుంచి పది దాకా సీరియళ్లు. పదో తరగతి అమ్మాయి వంటగదిలో గ్యాస్ బండ పక్కన పీట వేసుకుని ఫిజిక్స్ గైడు ఒళ్లో పెట్టుకుంది. ఆ అమ్మాయి టీవీ చూడటం లేదు. ఎవరైనా సర్వే చేసి "రోజూ ఎన్ని గంటలు టీవీ చూస్తావు" అని అడిగితే సున్నా అనే చెబుతుంది. కానీ అవతలి గదిలో అత్త "ఈ ఇంట్లో నువ్వైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అనగానే మ్యూజిక్ మూడుసార్లు మోగుతుంది, అమ్మాయి కళ్లు ఓమ్ నియమం మీదే ఉన్నా చెవి గోడ దాటిపోతుంది, అదే లైను నాలుగోసారి చదువుతుంది.

ఇందులో అమ్మాయి తప్పేమీ లేదు. చదివేటప్పుడు మెదడు మాటలను లోపల వినిపించుకుంటూ అర్థం చేసుకుంటుంది. అదే సమయంలో బయటి నుంచి తెలిసిన భాషలో మాటలు వస్తే రెండూ ఒకే దారిలో గుద్దుకుంటాయి. మెయిన్ రోడ్డు మీద బస్సుల చప్పుడు, ఫ్యాన్ హోరు, మిక్సీ శబ్దం కూడా చిరాకే, కానీ వాటికి అర్థం ఉండదు కాబట్టి కొంతసేపటికి చెవి పట్టించుకోదు. అర్థమయ్యే మాట అలా కాదు, వద్దన్నా లోపలికి వస్తుంది. ట్రాఫిక్ మధ్య చదువుకోగలిగిన పిల్లలు సీరియల్ పక్కన చదవలేకపోవడానికి కారణం ఇదే, "నీకు ఏకాగ్రత లేదు" అని వాళ్లను తిట్టడం అన్యాయం.

ఇంకా చిన్నపిల్లల దగ్గర నష్టం మరోలా ఉంటుంది. 2009లో అమెరికాలో నాలుగేళ్లలోపు పిల్లల చొక్కాలకు చిన్న రికార్డర్లు పెట్టి ఇంట్లో ఎన్ని మాటలు వినిపిస్తున్నాయో లెక్కించారు. టీవీ మోగే ప్రతి గంటకూ ఆ పిల్లల చెవిన పడే పెద్దవాళ్ల మాటలు సగటున 770 దాకా తగ్గాయి. టీవీలో బోలెడు మాటలు వస్తాయి కదా అనొచ్చు. అవి ఆ పిల్లలతో అన్న మాటలు కావు, జవాబు కోసం ఆగవు. అన్నం తినిపించేటప్పుడు ఫోన్లో పాట పెట్టడం ఇప్పుడు చాలా ఇళ్లలో అలవాటు. ముద్ద సులువుగా దిగుతుంది, కానీ చందమామను చూపిస్తూ, కాకినీ పిచ్చుకనూ పిలుస్తూ చెప్పే కబుర్లు ఆగిపోతాయి. బడికి వెళ్లేనాటికి ఆ పిల్లల దగ్గర ఉండే మాటల నిల్వ ఆ కబుర్లలోంచి వచ్చేదే.

వేగం సంగతి కూడా కొంత ఉంది. 2011లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల పిల్లలు 60 మందికి చేసిన ప్రయోగంలో, గబగబా మారిపోయే కార్టూన్ 9 నిమిషాలు చూసినవాళ్లు, ఆ వెంటనే పెట్టిన ఓపికా నిగ్రహమూ కావాల్సిన పనుల్లో, బొమ్మలు వేసుకున్నవాళ్లకంటే వెనకబడ్డారు. చూసిన వెంటనే కనిపించిన ప్రభావమిది, జీవితాంతం ఉంటుందని కాదు. అయినా కార్టూన్ ఆపిన మరు నిమిషమే హోంవర్కుకు కూర్చోబెట్టి "వినడం లేదు" అని విసుక్కునేవాళ్లకు ఇది పనికొస్తుంది.

"అర్థమైపోయింది" అనిపించడం

1984లో గవ్రియల్ సాలమన్ అనే పరిశోధకుడు ఆరో తరగతి పిల్లలకు ఒకే కథను కొందరికి టీవీలో చూపించి, కొందరితో చదివించాడు. టీవీ తేలిక, పుస్తకం కష్టం అని పిల్లలు ముందే అనుకుంటారని, అందుకే టీవీ ముందు మెదడును తక్కువ పనిచేయిస్తారని, కథలో నేరుగా చెప్పని సంగతులను పట్టుకోవడంలో చదివినవాళ్లే ముందున్నారని తేలింది.

ఇది సీరియళ్ల గురించిన సంగతి మాత్రమే కాదు. కోచింగ్ సెంటర్ వీడియో పాఠం చూసి "మొత్తం అర్థమైంది" అంటూ లేచిన ఇంటర్ పిల్లాడికి కాగితం ఇచ్చి అదే లెక్క చేయమంటే రెండో మెట్టు దగ్గరే ఆగిపోవడం చాలామంది లెక్చరర్లకు తెలిసిన సంగతే. సారు చేస్తుంటే చూడటం వేరు, తన చేత్తో చేయడం వేరు. కరోనా కాలంలో తెలంగాణలో 2020 సెప్టెంబర్ 1 నుంచి 3 నుంచి 10వ తరగతి పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానెళ్లలో పాఠాలు ప్రసారం చేశారు. బడులు మూసిన రోజుల్లో అదే దిక్కు, అది చేయకపోతే ఇంకా అన్యాయం జరిగేది. కానీ దేశం మొత్తం మీద గ్రామాల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 27.3 శాతం ఉంటే 2022లో 20.5 శాతానికి పడిపోయారని, పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే చూపించింది. దానికి మూతపడిన బడి కారణం, టీవీ కాదు. అయితే బడిలో టీచర్ చేసే ఒక పని, పిల్లాడి పలక చూసి తప్పు దిద్దడం, టీవీ చేయలేకపోయింది.

టీవీ నేర్పినది కూడా ఉంది

హైదరాబాద్‌కు ఈ విషయంలో పాత చరిత్రే ఉంది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఇస్రో, నాసా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు పంపిన సైట్ ప్రయోగంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి, కార్యక్రమాలు తయారుచేసిన కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం ఊరందరికీ. ఇంట్లో టీవీ అంటే ఏమిటో చాలామందికి తెలియని రోజుల్లో ఇక్కడి పల్లెల్లో పిల్లలు టీవీని మొదట చూసింది చదువు కోసం.

అమెరికాలో 1969లో మొదలైన సెసమీ స్ట్రీట్ కార్యక్రమం బాగా అందిన ప్రాంతాల్లో పిల్లలు తమ వయసుకు తగ్గ తరగతిలో ఉండే అవకాశం పెరిగిందని తర్వాతి పరిశోధన చెప్పింది. మన దగ్గరికి వస్తే, ఐఐఎం అహ్మదాబాద్‌లో పనిచేసిన బ్రిజ్ కొఠారి 1990ల నుంచి చేస్తున్న పని ఇంకా ఆసక్తికరం. సినిమా పాట ఏ భాషలో ఉంటే అదే భాషలో కింద అక్షరాలు వేయడం. పాట నోటికి వచ్చేసి ఉంటుంది కాబట్టి కన్ను అక్షరాన్ని పట్టుకుంటుంది, కాస్తో కూస్తో అక్షరాలు వచ్చినవాళ్లకు చదవడం మెరుగుపడుతుంది. తెలుగు పాటలకు తెలుగు అక్షరాలు వేయడం ఇంటర్నెట్‌లో ఇప్పుడు మామూలే అయినా, టీవీలో ఇప్పటికీ తక్కువే, ఇంగ్లీష్ మీడియంలో చదువుతూ తెలుగు కూడబలుక్కునే పిల్లలు ఇంతమంది ఉన్న నగరంలో ఇది నిజంగా లోటు.

హైదరాబాద్‌లో చాలామంది తెలుగు పిల్లలకు హిందీ మొదట వచ్చింది కార్టూన్లలోంచి. వేరే రాష్ట్రం నుంచి పనికొచ్చిన కుటుంబాల పిల్లల్లో కొందరికి తెలుగు వచ్చేది టీవీలోంచి, వీధిలోంచి. జెంట్‌స్కో, షపీరో లెక్కల్లో కనిపించిన లాభం ఇలాంటిదే.

థియేటర్, కేబుల్, ఓటీటీ

థియేటర్‌కి వెళ్లాలంటే టికెట్, బండి, ఇంట్లో నలుగురికీ వీలు కుదరడం, ఇన్ని కావాలి. సినిమా అయిపోతే లైట్లు వేస్తారు, బయటికి రావాల్సిందే. అందుకే సెకండ్ షోలు తీసేస్తే, నెలకో సినిమా వల్ల చదువు పాడవుతుందన్న భయానికి పెద్ద ఆధారం లేదు. కేబుల్ టీవీకి కూడా ఒక వేళ ఉండేది, ఎపిసోడ్ అయిపోతే రేపటిదాకా ఆగాలి. ఓటీటీలో ఆ ఆగడమే లేదు. ఎపిసోడ్ చివర ఉత్కంఠ పెట్టి, కొన్ని సెకన్లలో తర్వాతిది దానంతటదే మొదలవుతుంది, ఆపాలంటేనే ఏదైనా చేయాలి. పన్నెండేళ్ల పిల్లాడికి అర్ధరాత్రి అంత నిగ్రహం ఉండాలనుకోవడం అత్యాశ. ఆటోప్లే ఆపే సెట్టింగ్ చాలా యాప్‌లలో ఉంది, అది పెద్దవాళ్లు చేయాల్సిన పని.

ఇక ఇళ్లలో ఏం మారొచ్చు

ఐదేళ్లలోపు పిల్లలకు రోజుకు గంటకు మించి తెర వద్దని, రెండేళ్లలోపు పిల్లలకు అసలు వద్దని భారతీయ శిశువైద్యుల సంఘం చెబుతోంది. అంత చిన్న వయసులో గంటల లెక్కే సరిపోతుంది. బడి పిల్లల దగ్గరికి వచ్చేసరికి గంటల మీద పెట్టే పరిమితి కంటే వేళ మీద పెట్టేది ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే వారానికి ఏడు గంటలు చూసే ఇద్దరు పిల్లల్లో ఒకరు సెలవు రోజు పగలు చూసి, ఇంకొకరు రోజూ రాత్రి పదకొండు తర్వాత చూస్తే వాళ్ల పరిస్థితి ఒకటి కాదు. టీవీ పూర్తిగా తీసేసిన ఇంట్లో ఆ ఖాళీలోకి ఫోన్ వస్తే మారింది తెర సైజు మాత్రమే. హాస్టళ్లలో పిల్లలకు టీవీ అసలు ఉండదు, కానీ తెల్లవారుజామున లేపి రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్స్ నడిపితే అక్కడా పోయేది నిద్రే.

రెండు గదుల పోర్షన్‌లో మాత్రం సమస్య వేరు, అక్కడ రోజంతా పనిచేసి వచ్చిన అమ్మకో, ఇంట్లోనే ఉండే నానమ్మకో ఆ సీరియల్ ఒక్కటే కాలక్షేపం, దాన్ని ఆపేయమనడం తేలిగ్గా అనేసే మాట కాదు. అయితే రాత్రి వచ్చిన ఎపిసోడ్‌నే చాలా చానెళ్లు మర్నాడు పగలు మళ్లీ వేస్తాయి, యాప్‌లోనూ ఉంటుంది. నానమ్మ వరకైనా ఆ ఏడున్నర సీరియల్‌ను మధ్యాహ్నానికి మార్చుకోవచ్చు. ఆ సమయానికి అమ్మాయి స్కూల్లో ఉంటుంది.